మనకందరికి కలిగెడు రక్షణ: తెలుగు సంఘాల కాపరులకు బహిరంగ లేఖ

మా లూథరన్ గుడిలో మిమ్మల్ని అయ్యగారు అంటాం. మా అత్తగారి బాప్టిస్టు సంఘంలో పాస్టరు గారు అంటారు. బ్రదరన్ వారి దగ్గర బ్రదర్ గారు, ఆర్.సి.ఎం.లో, అంటే రోమను కథోలిక సంఘంలో, ఫాదర్ గారు, మా మరదలి వైపు పెంతెకొస్తు సంఘంలో దైవజనులు. పిలుపులు వేరైనా మీ చేతుల్లో పెట్టిన పని ఒకటే కాబట్టి అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. రక్షణ, అంటే క్రీస్తు ద్వారా పాపం నుంచి మనకు దొరికే విడుదల, ఏ ఒక్క సంఘం సొత్తూ కాదన్నదే ఇందులో నా మాట. ప్రభువు నామంలో మీకు వందనాలు.

నేను పల్నాడులో 32 ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. బైబిలు కాలేజీలో చదివినదాన్ని కాను. పుట్టింది లూథరన్ ఇంట్లో, కోడలిగా వెళ్లింది ఒంగోలు వైపు బాప్టిస్టు ఇంటికి. మా తమ్ముడు పెంతెకొస్తు కుటుంబంలో పెళ్లి చేసుకున్నాడు. మా అమ్మాయిని ఆర్.సి.ఎం. వాళ్లింటికి ఇచ్చాం. క్రిస్మస్ రోజు మా ఇంట్లో భోజనాలకు కూర్చుంటే నాలుగు సంఘాల వాళ్లం ఒకే బంతిలో ఉంటాం. ఎవరు ప్రార్థన చేసినా అందరం ఆమెన్ అంటాం. ఆ బంతిలో కూర్చున్న మనిషిగానే మీతో మాట్లాడుతున్నాను.

రెండేళ్ల కిందట మా అమ్మ 84వ ఏట ప్రభువునందు నిద్రించింది. భూస్థాపనకు ముందు ఇంటి వాకిట్లో పెట్టె చుట్టూ కూర్చున్నాం. ఆ రోజు మా గుడి అయ్యగారు ఊళ్లో లేరు. బంధువులెవరో ఒక బోధకుణ్ణి పిలుచుకొచ్చారు. ఆయన సంఘం పేరు చెప్పను. అలాంటి మాట నేను నా జీవితంలో మూడు నాలుగు రకాల సంఘాల్లో విన్నాను, అందుకని ఒకరి మీద పెట్టడం న్యాయం కాదు. ఆయన ఓదార్పు వాక్యం చదివి, కాసేపు బాగానే చెప్పి, చివర్లో ఒక మాట అన్నారు. ఈ తల్లి భక్తిగలదే కావచ్చు, కానీ పసితనంలో నీళ్లు చిలకరిస్తే అది బాప్తిస్మం కాదు, కాబట్టి ఈమె ఇప్పుడు ఎక్కడుందో తాను చెప్పలేనన్నారు. బతికున్న మీరైనా ఈరోజే రక్షణ పొందండి అన్నారు.

మా చెల్లెలు ఆ మాటకు కుప్పకూలిపోయింది. వారం తిరక్కుండానే సాగర్ కాలువ దగ్గరికి వెళ్లి ముంపు బాప్తిస్మం తీసుకుంది. తీసుకుని వచ్చిన రోజు రాత్రి నా పక్కన పడుకుని, "అక్కా, నా సంగతి సరే, మరి అమ్మ?" అని అడిగింది. రెండేళ్లయినా ఆ ప్రశ్న అడుగుతూనే ఉంది. ఆ పిల్లకు నిద్ర లేదు, ఎప్పుడూ టెన్షన్. నీళ్లలోంచి లేచిన మనిషి ముఖంలో ఉండాల్సిన సంతోషం దానికి దొరకలేదు. భయంతో దిగింది, భయంతోనే పైకి వచ్చింది.

అమ్మ ఎలాంటిదో రెండు మాటలు చెప్పనివ్వండి. చదువు అయిదో తరగతి. రాత్రి దీపం ఆర్పే ముందు ఆమె చేసే ప్రార్థన లూకా సువార్తలో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, చేసినదే. ఆకాశం వైపు కన్నులెత్తడానికైనా ధైర్యం చాలక, రొమ్ము కొట్టుకుంటూ పాపినైన నన్ను కరుణించమన్నాడే, ఆ ప్రార్థన. "నేను ఆయన్ని పట్టుకున్నానని చెప్పలేనమ్మా, నా చేతుల్లో అంత పట్టు లేదు. పిల్లి తన కూనను నోట కరుచుకుపోయినట్టు ఆయనే నన్ను పట్టుకున్నాడు" అనేది. ఆ సుంకరి నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లాడని ప్రభువే చెప్పాడు. ఆ ప్రార్థన చేసిన మనిషి ఎక్కడుందో చెప్పలేమని ఆయన సేవకుడు ఎలా అనగలిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అప్పటినుంచి నేను యూదా పత్రిక, అంటే యూదా అనే ఆయన సంఘానికి రాసిన ఉత్తరం, పదే పదే చదువుతున్నాను. బైబిల్లో చివరి నుంచి రెండో పుస్తకం, ఒకే అధ్యాయం, 25 వచనాలు. మూడో వచనంలో "మనకందరికి కలిగెడు రక్షణ" అనే మాట ఉంది. దాని గురించి రాయాలని యూదా ఎంతో ఆసక్తితో ఉన్నాడట. ఇంతలో సంఘంలోకి కొందరు చొరబడ్డారని తెలిసి, విశ్వాసం కోసం పోరాడమని రాయాల్సి వచ్చింది. మన ప్రసంగాల్లో ఆ పోరాడమన్న సగమే ఎక్కువగా వినబడుతుంది. ఆయన మొదట రాయాలనుకున్న సంగతి మీద, మనందరిదీ అయిన రక్షణ మీద, నిండు ప్రసంగం నేను విన్నది చాలా తక్కువ. పోనీ ఎవరి మీద పోరాడమన్నాడు? నాలుగో వచనం చూడండి. దేవుని కృపను కామాతురతకు సాకుగా మార్చుకుని, ఏకైక ప్రభువైన యేసుక్రీస్తును కాదన్నవాళ్ల మీద. బాప్తిస్మంలో నీళ్లు ఎన్ని ఉండాలి అన్న విషయంలో వేరుగా నమ్మిన తోటి విశ్వాసి మీద కాదు.

రక్షణ అంటే ఏమిటో మీకు నేర్పేంతదాన్ని కాను. కానీ ఒక సామాన్య విశ్వాసురాలు మీ ప్రసంగాలన్నీ విని, నాలుగు రకాల గుళ్లలో కూర్చుని, ఏది మీ అందరి నోటా వచ్చిందో అది చెప్పగలదు. మనిషి పాపంలో పడి ఉన్నాడు, తనంతట తాను పైకి రాలేడు. దేవుడు ప్రేమించి కుమారుణ్ణి పంపాడు. ఆయన మన కోసం సిలువ మీద చనిపోయి మూడో రోజున లేచాడు. అది కృప, ఎవరూ సంపాదించుకున్నది కాదు. మారుమనస్సుతో, విశ్వాసంతో దాన్ని అందుకుంటాం. పరిశుద్ధాత్మ మనలో కొత్త జీవం పోసి పరిశుద్ధతలో నడిపిస్తాడు. ఆఖరున పునరుత్థానం, నిత్యజీవం. ఇందులో ఏ మాట లూథరన్లది, ఏ మాట పెంతెకొస్తు వాళ్లది? క్రీ.శ. 325లో ఇప్పటి టర్కీలోని నైసియాలో కూడిన సంఘ పెద్దలు కుమారుడు మనకోసం, మన రక్షణ కోసం దిగివచ్చాడని ఒప్పుకున్నారు. 2025 నాటికి దానికి 1700 ఏళ్లు నిండాయి. ఆ "మన" అన్న మాటలో నేనూ మా అమ్మా చెల్లెలూ ఉన్నామా లేదా?

బడిలో పాఠం చెప్పిన అలవాటు కొద్దీ నేను పౌలు పత్రికల్లో రక్షణ అన్న మాట ఎక్కడెక్కడ ఏ కాలంలో వచ్చిందో నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఎఫెసీయులకు రాసినప్పుడు విశ్వాసం ద్వారా కృపచేతనే మీరు రక్షింపబడియున్నారు అంటాడు. అయిపోయిన పని. కొరింథీయులకు రాస్తూ రక్షింపబడుచున్న మనకు సిలువ దేవుని శక్తి అంటాడు. జరుగుతున్న పని. రోమీయులకు రాస్తూ ఆయన ద్వారా ఉగ్రతనుండి రక్షింపబడుదుము అంటాడు. జరగబోయే పని. భూత, వర్తమాన, భవిష్యత్తులు మూడూ ఒకే రక్షణలో ఉన్నాయి. ఇది గమనించాక మన గొడవల్లో చాలా భాగం నాకు వేరుగా కనబడింది. మా లూథరన్లు అయిపోయిన పనిని గట్టిగా పట్టుకుంటారు: క్రీస్తు చేసేశాడు, నమ్ము, నిశ్చింతగా ఉండు. మెథడిస్టులు, పెంతెకొస్తు వారు జరుగుతున్న పనిని పట్టుకుంటారు: నిజంగా రక్షణ పొందితే నీ బతుకు మారిందా, ఆత్మ నిన్ను నడిపిస్తున్నాడా? మా వియ్యాలవారు పూజలో ప్రతిసారీ క్రీస్తు మళ్లీ వస్తాడని చెప్పుకుని, చివరిదాకా నిలబడాలని ప్రార్థిస్తారు. ఒక్కొక్కరు ఒక్కో కాలాన్ని గట్టిగా చెబుతున్నారు. పౌలు మూడూ చెప్పాడు. మూడూ కలిపి విన్నవాళ్లకే రక్షణ నిండుగా అర్థమవుతుందని నా నమ్మకం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది తెలిసినప్పుడు నాకు కన్నీళ్లు వచ్చాయి. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీతో ప్రభువు "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అన్నాడని మార్కు సువార్తలో చదువుతాం. ఆయన పాదాల దగ్గర ఏడ్చిన పాపాత్మురాలితో "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అన్నాడని లూకాలో చదువుతాం. గ్రీకు మూలంలో ఆ రెండు చోట్లా ఉన్నది ఒకే వాక్యమట. మన తెలుగు బైబిల్లో ఒకచోట స్వస్థత అని, ఒకచోట రక్షణ అని తర్జుమా చేశారు. ఒంటికి తగిలిన దెబ్బ, మనసుకు తగిలిన దెబ్బ, దేవునితో తెగిపోయిన బంధం, వీటన్నిటినీ ఆ ఒక్క మాట పట్టుకుంటుంది. ఆ ఇద్దరు స్త్రీలలో ఎవరినీ ఏ గుంపు మనిషివని ఆయన అడగలేదు.

ఇప్పుడు మన సంఘాల పేర్లు ఎలా వచ్చాయో ఒకసారి వెనక్కి చూద్దాం. ఇది చాలామంది విశ్వాసులకు తెలియదు, మీరు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. 1842లో హయ్యరు గారు గుంటూరు వచ్చారు, ఆయన లూథరన్ మిషనరీ, అందువల్ల గుంటూరు, పల్నాడు వైపు లూథరన్లయ్యాం. నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులు, నరసాపురం వైపు గోదావరి డెల్టా మిషను బ్రదరన్ వారు, మచిలీపట్నంలో ఇంగ్లండు సంఘానికి చెందిన ఆంగ్లికన్ మిషను సి.ఎం.ఎస్., కడపలో లండన్ మిషను, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు. ఒకరి ప్రాంతంలోకి మరొకరు వెళ్లకూడదని మిషన్ల మధ్య ఒప్పందాలు కూడా ఉండేవి. మా ముత్తాత గుంటూరు వైపు ఒక పల్లెలో కాక గుండ్లకమ్మ నది అవతల ఒంగోలు వైపు పుట్టి ఉంటే నేను పుట్టుకతో బాప్టిస్టుని. మరి ఒక సంఘంలో ఉన్నవాళ్లకే రక్షణ అంటే, రక్షణను జిల్లా సరిహద్దులు పంచిపెట్టాయని చెప్పినట్టే కదా? లెక్కల టీచరుగా చెబుతున్నాను, ఆ లెక్క తేలదు.

గుండ్లకమ్మ పేరు ఎత్తాను కాబట్టి మా అత్తగారింటి కథ చెప్పకుండా ఉండలేను. 1876 నుంచి 78 వరకు వచ్చిన ఆ ఘోరమైన కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఆయన ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు పని అయిపోయేదాకా ఆగమన్నారు. తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చింది తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. మా అత్తగారి తాత ఆ రోజు ఆ వరుసలో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అదే కాలంలో, అదే కరువులోంచి బయటపడిన మా వైపు మాదిగపల్లెల్లో, మాలపల్లెల్లో లూథరన్ అయ్యగార్లు పసిపిల్లల తలల మీద నీళ్లు పోసి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మమిచ్చారు. ఊరి చివర బతుకుతున్న మనుషుల్ని, బావిలో నీళ్లు తోడుకోనివ్వని మనుషుల్ని పేరు పెట్టి పిలిచిన ప్రభువు నది అవతల ఒకడు, ఇవతల ఒకడు ఉన్నాడా?

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. చాలాచోట్ల మిషన్ల గీతల కింద కులం గీతలు కూడా ఉన్నాయి. కొన్ని ఊళ్లలో ఒక సంఘం ఒక పల్లెది, ఇంకో సంఘం ఇంకో పల్లెది. వాళ్లతో మనకు సిద్ధాంతం కలవదు అని మనం అన్నప్పుడు, మన మనసులో ఉన్నది సిద్ధాంతమేనా అని మోకాళ్ల మీద ఉన్నప్పుడు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. మీరు కూడా ప్రశ్నించుకోవాలి. సంఘాల మధ్య రక్షణ గురించి తగాదా పడుతున్నామనుకుంటూ పాత అంటరానితనాన్నే మోస్తున్నామేమోనని నాకు భయంగా ఉంటుంది.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం మీకు కంఠతా వచ్చి ఉంటుంది. యూదయ నుంచి కొందరు అంతియొకయ వచ్చి, సున్నతి పొందకపోతే మీరు రక్షణ పొందలేరని అక్కడి యూదులు కాని విశ్వాసులకు బోధించారు. వాళ్లు అబద్ధ దేవుళ్లను తెచ్చినవాళ్లు కారు. యేసును నమ్మినవాళ్లే, లేఖనం చేతపట్టుకుని మాట్లాడినవాళ్లే. సున్నతి చిన్న విషయమా? అబ్రాహాముకు దేవుడే ఇచ్చిన గుర్తు. అయినా యెరూషలేములో అందరూ కూడినప్పుడు పేతురు లేచి, ప్రభువైన యేసు కృప వల్లనే మనం రక్షణ పొందుతామని నమ్ముతున్నాం, వాళ్లూ అలాగే పొందుతారు అని చెప్పాడు. కృప పక్కన ఇంకొకటి కూడిక గుర్తుతో చేర్చి, అది లేకపోతే రక్షణ లేదు అనడాన్ని సంఘం ఆ రోజే తిరస్కరించింది. మా అమ్మ పెట్టె పక్కన నిలబడి ఆ బోధకుడు చేర్చింది ఆ కూడిక గుర్తునే.

బాప్తిస్మం విషయంలో మీ మధ్య ఉన్న తేడా చిన్నదని నేను అనడం లేదు. తెలిసి నమ్మిన తర్వాతే బాప్తిస్మం, అదీ ముంపు ద్వారానే అని లేఖనం చదివి నమ్మిన నా భర్త సంఘాన్ని నేను గౌరవిస్తాను. ఆ నమ్మకం కోసం యూరప్‌లో 16వ శతాబ్దంలో మనుషులు నీళ్లలో ముంచి చంపబడ్డారు. పసిపిల్లల్ని కూడా తన నిబంధనలోకి, అంటే తన ప్రజలతో చేసుకున్న ఒడంబడికలోకి, తీసుకునే దేవుణ్ణి నమ్మే మా సంఘాన్నీ గౌరవిస్తాను. మీరు దాని గురించి వాదించుకోండి, పుస్తకాలు రాసుకోండి, మీ గుడిలో మీ పద్ధతి నడపండి. నేను అడిగేదల్లా, ఆ వాదనను రక్షణ గీతగా మార్చవద్దని. పౌలు కొరింథులో స్తెఫను ఇంటివారికి, క్రిస్పుకు, గాయియుకు తప్ప ఎవరికీ బాప్తిస్మమివ్వలేదని చెప్పుకుని, బాప్తిస్మమివ్వడానికి కాదు, సువార్త ప్రకటించడానికే క్రీస్తు తనను పంపాడన్నాడు. సిలువ మీద పక్కనున్న దొంగకు కాలువా లేదు, తొట్టీ లేదు. నేడు నాతో కూడ పరదైసులో ఉంటావన్న మాట ఒక్కటే ఉంది.

ఈ గొడవ కొత్తది కూడా కాదు. 303లో మొదలైన డయొక్లీషియన్ చక్రవర్తి హింసలో కొందరు కాపరులు భయపడి లేఖనాలను అధికారుల చేతికిచ్చారు. హింస ఆగాక ఉత్తర ఆఫ్రికాలో దొనాటస్ వర్గంవారు అలాంటి కాపరులతో కలిసి ఉన్న సంఘంలో ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని, తమ దగ్గరికి వచ్చినవాళ్లకు మళ్లీ ఇచ్చేవారు. హిప్పో బిషప్పు అగస్టీను వాళ్లకు చెప్పిన జవాబు సారాంశం ఇది: ఎవరి చేయి నీళ్లు పోసినా, బాప్తిస్మమిచ్చేది క్రీస్తే. అది ఆయనది, ఏ వర్గం సొత్తూ కాదు. 1982లో పెరూలోని లీమాలో ప్రపంచ సంఘాల ప్రతినిధులు కూర్చుని బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, పరిచర్యల మీద ఒక పత్రం తయారు చేసినప్పుడు కూడా, బాప్తిస్మం మళ్లీ చేయదగ్గ క్రియ కాదని, ఒకరి బాప్తిస్మాన్ని చులకన చేసేలా కనిపించే పని ఏదీ చేయవద్దని కోరారు.

మా అమ్మాయి పెళ్లప్పుడు ఇది నేను కళ్లారా చూశాను. అది 16వ ఏట బాప్టిస్టు సంఘంలో బాప్తిస్మం తీసుకుంది. ఆర్.సి.ఎం. విచారణ (పారిష్) ఫాదర్ గారు ఆ సర్టిఫికెట్ చూసి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలోనే కదమ్మా అని అడిగి, మళ్లీ జ్ఞానస్నానం (బాప్తిస్మాన్ని వాళ్లు అలా అంటారు) ఊసెత్తకుండా పెళ్లి జరిపించారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు నేను కోడలిగా వెళ్లినప్పుడు అలా జరగలేదు. ముంపు బాప్తిస్మం తీసుకుంటేనే ప్రభువు బల్లకు రావాలన్నారు అప్పటి కాపరి. మా అమ్మానాన్నలు నా కోసం చేసినదాన్ని కాదనడానికి నాకు మనసొప్పలేదు. నాలుగేళ్లు ప్రతి నెలా మొదటి ఆదివారం వెనక బెంచీలో కూర్చుని, రొట్టె, ద్రాక్షారసం నా ముందునుంచి వెళ్లిపోతుంటే చూశాను. మా అత్తగారు పెద్దగా మాట్లాడేది కాదు. ఒక ఆదివారం ఆమె కూడా తీసుకోకుండా లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ తర్వాత వచ్చిన పెద్దాయన, ముసలి పాస్టరు గారు, నన్ను బల్ల దగ్గరికి రమ్మన్నారు. ఆయన ఈ లోకంలో లేరు. ఆ రోజు నా నోట్లో పెట్టుకున్న ఆ చిన్న రొట్టె ముక్కను నేను మరిచిపోలేను.

1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ప్రపంచ లూథరన్ సమాఖ్య, రోమను కథోలిక సంఘం కలిసి నీతిమంతులుగా తీర్చబడటం గురించి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాదు, క్రీస్తు రక్షణ కార్యం మీది విశ్వాసంతో, కృపచేత మాత్రమే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, ఆత్మనిచ్చి సత్క్రియలకు సిద్ధపరుస్తాడు అన్నది దాని సారం. సుమారు 480 ఏళ్లుగా యూరప్‌ను చీల్చిన ప్రశ్న మీద ఇంత మాట కలిసి చెప్పగలిగారు. 2006లో ప్రపంచ మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు కూడా అందులో చేరాయి. మా ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్య సంఘమే. అయినా మా ఊరి గుడిలో ఆ ప్రకటనను ఎవరూ చదివి వినిపించలేదు. మా వియ్యాలవారి గుడిలోనూ చదవలేదట. నాకు అది చాలా ఏళ్ల తర్వాత ఒక పత్రికలో కంటబడింది. మా అమ్మాయి సంబంధం ఖాయం చేసుకున్నప్పుడు మా బంధువులు "విగ్రహాల వాళ్లింటికి ఇస్తున్నావా" అని అడిగినప్పుడు ఆ కాగితం నా చేతిలో ఉంటే బాగుండేది.

మనకు దారి తెలియక కాదు. డోర్నకల్ బిషప్పు అజరయ్య గారు, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పు, 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మొదలైన సంఘాల ఐక్యత ప్రయత్నంలో మొదటినుంచీ ఉన్నారు. అక్షరం రాని పల్లె విశ్వాసుల మధ్య తిరిగిన ఆయనకు, పాశ్చాత్యుల తగాదాలను ఆ బీదల నెత్తిన పెట్టడం ఎంత అన్యాయమో తెలుసు. ఆయన 1945 జనవరి 1న చనిపోయారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో కొన్ని సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం)గా ఏర్పడ్డాయి. ఆయన చూడలేదు. లూథరన్లు, బాప్టిస్టులు అందులో చేరలేదు, దానికి కారణాలు ఉన్నాయి. మీరందరూ ఒకే పరిపాలన కిందికి రావాలని నేను అడగను. కౌన్సిలు ఎన్నికలు, ఆస్తి కేసులు చూసినవాళ్లం, పెద్ద సంస్థ అయితే ప్రేమ పెరుగుతుందన్న ఆశ నాకు లేదు.

స్వతంత్ర సంఘాల, పెంతెకొస్తు, బ్రదరన్ కాపరులకు ప్రత్యేకంగా ఒక మాట. మీ మీద కోపంతో రాయడం లేదు. నేను 17 ఏళ్ల వయసులో, గుడికి అలవాటుగా వెళ్లొచ్చే పిల్లగా ఉన్నప్పుడు, ఉజ్జీవ కూటాల్లో ఒక బ్రదరన్ బోధకుడు "రక్షణ పొందావా చెల్లీ?" అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను రాత్రంతా ఏడ్పించింది. తెల్లవారేసరికి నాకు తెలిసిన యేసు నా యేసు అయ్యాడు. మా గుడి నాకు వాక్యం నేర్పింది, ఆ బ్రదర్ గారు దాన్ని గుండెకు చేర్చారు. మరి నా రక్షణ ఏ రోజుది? పొత్తిళ్లలో ఉన్నప్పటిదా, ఆ కూటాల రాత్రిదా, సిలువ మీద ఆ మధ్యాహ్నానిదా? నాకు తేదీ తెలియదు, ఎవరు రక్షించాడో తెలుసు. మా అమ్మ ఆఖరి మూడు నెలల్లో రాత్రిళ్లు మంచం పక్కన కూర్చుని ప్రార్థించింది మా తమ్ముడి అత్తగారి వైపు పెంతెకొస్తు వాళ్లే. కాబట్టి ఆ ప్రశ్న అడగడం మానకండి. నామకార్థంగా బతికేవాళ్లను లేపండి. కానీ దేవుణ్ణి ఆనుకుని బతుకుతున్న మనిషి కాళ్ల కింద నేలను లాగేయకండి.

మా వైపు పెద్దలకూ ఒక మాట ఉంది. పెంతెకొస్తు వారిని చప్పట్ల గుడి వాళ్లని వెక్కిరించిన నోళ్లు మనవే. ఒక ఊళ్లో సంఘం మారిన కుటుంబానికి సమాధుల తోటలో చోటు ఇవ్వబోమని కమిటీ తీర్మానం చేస్తే, శవాన్ని పెట్టుకుని ఆ ఇంటివాళ్లు సాయంత్రం దాకా రోడ్డు మీద నిలబడ్డారు. నేను అక్కడ ఉన్నాను. బోధకుడు మా అమ్మ మీద చెప్పిన తీర్పుకూ, మనం గేటుకు వేసిన తాళానికీ నాకు తేడా కనబడలేదు.

పెట్టె దగ్గర నిలబడినప్పుడు తీర్పు చెప్పకండి, ఆ పని మీకు అప్పగించలేదు. క్రీస్తునందు నిద్రించినవాళ్ల గురించి థెస్సలొనీకయులకు పౌలు ఇచ్చిన మాటలు చాలు, అవి చదవండి. వేరే సంఘం నుంచి వచ్చిన విశ్వాసి మీ పద్ధతిలో బాప్తిస్మం కావాలని మనస్సాక్షితో అడిగితే, తొందరపడకండి, నెలల తరబడి నేర్పండి, భయంతో అడుగుతున్నాడా అని చూడండి. పెళ్లికి షరతుగా దాన్ని పెట్టకండి. ఏడాదిలో ఒక్క ఆదివారమైనా మీ ఊళ్లోని మరో సంఘం పేరెత్తి, ఆ కాపరి పేరెత్తి, వాళ్ల కోసం ప్రసంగ వేదిక మీదనుంచి ప్రార్థన చేయండి. వినే పిల్లలకు అది ఎన్ని పాఠాలకు సమానమో నాకు తెలుసు.

మా చెల్లెలికి ఇంకా జవాబు కావాలి. నేను చెబితే చాలడం లేదు. నేను అక్కను, అమ్మ మీద ప్రేమతో చెబుతున్నాననుకుంటుంది. కాపరి నోట వినాలి.

ఈస్టరు తెల్లవారుజామున మా పట్టణంలో అన్ని సంఘాలవాళ్లూ సమాధుల తోటకు వస్తారు. సమాధులకు సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఒక్కో గుంపు ఒక్కో మూల నిలబడి, ఒకరి మైకు మీద ఒకరి మైకు మోగుతూ, అవే పునరుత్థాన గీతాలు పాడతాం. వచ్చే ఈస్టరుకు ఒక్క మైకు చాలు. లూథరన్ అయ్యగారు, బాప్టిస్టు పాస్టరు గారు, ఫాదర్ గారు, పెంతెకొస్తు దైవజనులు ఒకరి తర్వాత ఒకరు ఖాళీ సమాధి కథ చదవండి. మా అమ్మ సమాధి వేపచెట్టు కింద మూడో వరుసలో ఉంది. చెల్లెల్ని తీసుకుని నేను నాలుగింటికే వచ్చి అక్కడ కూర్చుంటాను.

క్రీస్తునందు మీ సహోదరి,
ఒక రిటైర్డ్ టీచరు,
పల్నాడు